ముంతల పిల్ల

మొన్న పొద్దున వదిన ఫోన్ చేసింది. ఎనభై దాటిన మనిషి. ముందు మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పి, తర్వాత గాని అసలు మాటకు రాదు. ఆ రోజు మోకాళ్ళ ఊసే ఎత్తలేదు.

"గా ముంతల పిల్ల పోయిందటనే," అంది. ఏడుస్తోందని నాకు కాసేపటికి అర్థమైంది.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతాను. నేను పోతే వదిన ఇంతలా ఏడుస్తుందా అనుకున్నాను. ఇంత వయసొచ్చినా ఈ బుద్ధి పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు గాని, ఇది నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అరవైల చివర్లో, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతుండగా, ఆ పిల్లను చూశాకే వచ్చింది.

ముంతల పిల్ల అన్న పేరు వదిన పెట్టిందే. అసలు పేరు రాయను. రాస్తే ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరో ఒకరు గుర్తుపడతారు. గుర్తుపడితే ఆమెకు వచ్చే నష్టమేమీ లేదు. నాకే.

మొదటి రోజు ల్యాబ్‌లో నా పక్క స్టూలు మీద కూర్చుంది. నా పేరడగలేదు. "తిన్నవా?" అంది.

"తిన్నాను."

"ఏం తిన్నవ్?"

"అన్నం."

"అన్నంల ఏంది?"

"పప్పు."

"ఏం పప్పు?"

నాకు ఒళ్ళు మండింది. మేం గోల్నాకలో పుట్టి పెరిగినవాళ్ళం. మా తాత వ్యవసాయదారుడే అయినా, మా ఇంట్లో ఆ మాట పెద్దగా అనుకునేవాళ్ళం కాదు. బళ్ళో నేర్చుకున్న పుస్తకం తెలుగు నేను ఇంట్లో కూడా మాట్లాడేదాన్ని, అదో గొప్పగా. ఆ పిల్ల మెదక్ వైపు ఏదో జొన్నల ఊరి నుంచి వచ్చింది. మాట ఊళ్ళో ఎలా ఉండేదో ఇక్కడా అలాగే ఉంచుకుంది. ఎవరితోనైనా అదే ప్రశ్న, అదే వరస. లైబ్రరీ అటెండరునూ అడిగేది, హాస్టల్ వార్డెన్‌నూ అడిగేది. ఒకరోజు మా ప్రొఫెసర్ గారినే అడిగింది. మేమందరం ఊపిరి బిగబట్టాం. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఉప్మా అమ్మా. కాస్త మాడింది," అన్నారు. రెండేళ్ళుగా నేను ఆయన క్లాసులో మొదటి బెంచీ మీద కూర్చుంటున్నాను. ఆయన ఇంటి ఉప్మా సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

"గట్ల గుచ్చి గుచ్చి ఎందుకడుగుతావు?" అని ఒకరోజు నేనే అడిగాను, ఆమె మాటను వెక్కిరిస్తూ. వెక్కిరింపు ఆమెకు అంటలేదు.

"తిన్నరా అంటె అందరు తిన్నమనే అంటరు. ఏం తిన్నరో అడిగితెనే సంగతి తెలుస్తది," అంది. "పిట్టలైన గంతే."

పక్షుల మీద పని చేసేవాళ్ళు పక్షుల్ని చూసి మురిసిపోతారని లోకం అనుకుంటుంది. ఆ పిల్ల ఏ పిట్టనూ ముద్దుగా ఉందన్నది నేను వినలేదు. ఇరుగుపొరుగువాళ్ళ గుణాలు చెప్పినట్టు చెప్పేది. "పాలపిట్ట ఉత్త సోమరిది. తీగె మీద కూసోని సూసుడే. మిడత తనంతట తాను కదిలితెనే దిగుతది," అనేది. "చిలుక తినేది తక్వ, పారేసేది ఎక్వ. పెద్దింటి బిడ్డ." కాకి మీద మాత్రం కొంచెం గౌరవం. "దొంగనే గాని, చాటుగ ఉండదు."

ఇదంతా ఆమెకు మంచె మీద వచ్చిన చదువు. ఆరేళ్ళ వయసు నుంచి జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టల్ని తోలిందట. ఏ పిట్ట ఏ వేళకు దిగుతుందో, కంకి మీద వాలుతుందో కింద రాలింది ఏరుకుంటుందో, ఎంతసేపు తిని ఎటు పోతుందో, అన్నీ తెలుసు. పేర్లు లాటిన్‌లో తెలియవంతే. అవి నాకు తెలుసు. నేను పుస్తకాల్లో బట్టీ పట్టింది ఆమె ఎండలో నిలబడి నేర్చుకుంది. ఆ ఎండ నాకెందుకు తగల్లేదని కుళ్ళుకున్నాను. చేను కావలి కాయడం ఒక అదృష్టమని ఏడ్చిన పట్నం పిల్లను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఒకరోజు ప్రొఫెసర్ గారు బోర్డు మీద గడ్డి, మిడత, గోరింక, డేగ అని వరసగా రాసి, మధ్యలో బాణం గుర్తులు వేయమని ఆమెను పిలిచారు. ఆహారపు గొలుసు పీయూసీ పిల్లలకు కూడా వచ్చు. ఏది ఎవరికి తిండి అవుతుందో అటు వేయాలి బాణం. గడ్డి నుంచి మిడతకు, మిడత నుంచి గోరింకకు. ఆ పిల్ల అన్నీ తిరగేసి గీసింది. డేగ నుంచి గోరింకకు, గోరింక నుంచి మిడతకు. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

"ఇదేమిటమ్మా?" అన్నారు ఆయన.

"ఎంబడి పడేది డేగ గద సార్. గోరింక పోయి డేగ నోట్ల పడదు గద."

ఆయన సుద్దముక్క అందుకున్నారు. "నువ్వు ఆకలిని గీశావు. పుస్తకం తిండిని గీస్తుంది," అన్నారు. "తిండి ఇటు పోతుంది, ఆకలి అటు నుంచి వస్తుంది. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే గియ్యి." ఆమె గీసిన బాణాలను ఆయన చెరిపేయలేదు. వాటి పైన సరైనవి గీశారు. వారం రోజులు బోర్డు మీద రెండూ ఉన్నాయి. తప్పు రాసి మెప్పు పొందిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. సరిగ్గా రాయగల నన్ను ఆయన పిలవనే లేదు.

ఆ ఏడాది ప్రొఫెసర్ గారి దగ్గర పరిశోధనకు ఒకే ఒక్క సీటు ఉంది. పక్షుల తిండి మీద పని చేస్తున్నది మేమిద్దరమే. మా ఇద్దరిలో ఎవరి ప్రాజెక్టు బాగుంటే వారిని తీసుకుంటానని ఆయన అందరి ముందూ చెప్పారు. సీటు రాకపోతే బీఎడ్‌లో చేరమన్నాడు అన్నయ్య. నాకు బడిపంతులమ్మను కావాలని లేదు. నా పేరు ముందు డాక్టర్ అని ఉండాలి. అద్దం ముందు నిలబడి ఆ పేరు పైకి అనుకుని చూసుకున్న రోజులు కూడా ఉన్నాయి.

నా పని కొంగల కడుపుల మీద. ఫార్మలిన్ సీసాల్లోంచి కడుపులు తీసి, కోసి, లోపలున్న చేప ముళ్ళూ కప్ప ఎముకలూ గాజు గిన్నెలో వేరు చేసి పట్టికలు రాసేదాన్ని. నా పట్టికలు చూడముచ్చటగా ఉండేవి. చచ్చిపోయిన కడుపులు కాబట్టి తొందర లేదు, తప్పు జరిగే వీలూ లేదు.

ఆమెది గోరింకల మీద. "గింజ తినే పిట్ట గూడ పిల్లకు పురుగే పెడ్తది సార్," అని ఆయనకు చెప్పింది. "మేం మంచె మీదికెల్లి రాళ్ళు కొట్టి ఎల్లగొడితిమి. గవి పోయినంక చేన్ల పురుగు పడ్డది. గప్పుడు మాకు సమజ్ కాలే." ఆయన రుజువు చూపించమన్నారు. పెద్ద పిట్ట ఏం తిన్నదో కడుపు కోసి చూడొచ్చు. పిల్లకు ఏం పెడుతున్నదో పిల్లను చంపకుండా చూడాలి. దానికొక పద్ధతి ఉంది. గూట్లో పిల్లల మెడకు మెత్తని నూలు దారం కడతారు. ఊపిరి ఆడుతుంది గాని మింగుడు పడదు. తల్లీ తండ్రీ తెచ్చి నోట్లో పెట్టిన పురుగు గొంతులో ఆగిపోతుంది. ఫోర్సెప్స్‌తో దాన్ని తీసి స్పిరిట్ సీసాలో వేసుకుని, దారం కత్తిరించి, తీసుకున్నదానికి బదులు ఉడికిన గుడ్డు సొన పెట్టాలి. గంట దాటకూడదు. దాటితే తల్లి పెడుతూనే ఉంటుంది, పిల్లకు ఊపిరాడదు.

దారం ముడి ఆమె తన సొంతంగా వేసేది. "లేగదూడ మెడకు ఏసే ముడి. ఎంత గుంజినా బిగుసుకోదు," అని చూపించింది. నాకు నాలుగుసార్లు చూపించినా రాలేదు.

చెట్ల తొర్రల్లో చెయ్యి పెట్టి పిల్లల్ని తీయడం కష్టం కనుక, గోరింకలు ఇళ్ళ చూరుల్లోనే గూళ్ళు పెట్టేలా చేస్తానంది. గోల్నాకలో కల్లు అమ్మే కాంపౌండ్ నుంచి పాత ముంతలు అడిగి తెచ్చింది. వెనక పెంకు పగలగొట్టి చెక్క మూత బిగించింది. వాటిని తార్నాకలో, విద్యానగర్‌లో తెలిసినవాళ్ళ ఇళ్ళ వసారాల్లో అడ్డంగా వేలాడగట్టింది. అన్నయ్యకు రైల్వేలో ఉద్యోగం వచ్చాక మేం తార్నాకకు మారాం, అక్కడ అందరికంటే క్యాంపస్‌కు దగ్గర ఇల్లు మాదే. నన్ను అడగలేదు. తిన్నగా మా వదిననే అడిగింది.

అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి ముంతను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "కల్లు ముంత యాలాడగడ్తరా? రైల్వేల నౌకరి చేసేటోని ఇల్లా, కాంపౌండా?" అన్నాడు.

"కడిగి కట్టినం తియ్యి," అంది వదిన. "పిట్టలకేం ఎర్క కల్లేందో, నీళ్ళేందో."

వదిన అన్నయ్యకు ఎదురు చెప్పగా నేను వినడం అదే మొదలు. పెళ్ళయి తార్నాక వచ్చి రెండేళ్ళయింది. నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దది, అంతే. ఇంట్లో నోరు మెదిపేది కాదు. పల్లెటూరి మనిషి, మాటకారి కాదనుకున్నాను. నిజం వేరు. ఆమె "గట్ల" అన్నప్పుడల్లా నేను "అలా అనాలి వదినా" అని దిద్దేదాన్ని. దిద్దించుకుని దిద్దించుకుని మాట్లాడ్డమే మానేసింది. ఈ పిల్ల ముంత చూడ్డానికి వచ్చి వసారాలో చతికిలబడితే, వదిన పొయ్యి ఆర్పేసి వచ్చి పక్కన కూర్చునేది. ఇద్దరి ఊళ్ళకూ మధ్య నాలుగు కోసుల దూరమట. ఇంక చూడాలి సంబడం. ఏ వాగు ఎండింది, ఎవరి బర్రె ఈనింది, అన్నీ కావాలి. వదిన నవ్వు నేను అప్పుడు విన్నాను. రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి అంతకు ముందు వినలేదు.

ఆ పిల్ల వదినను వదినా అనే పిలిచేది. అక్కా అనవచ్చు కదా, ఊళ్ళు దగ్గరయితే. నా వదినను వదినా అనే హక్కు ఎవరిచ్చారు? ఇంత చిన్న విషయానికి రాత్రి అన్నం సహించలేదంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

వదినకు అక్షరాలు అంతంతమాత్రం. అయినా గోరింకలు ముంతలోకి ఎన్నిసార్లు పోయి వస్తున్నాయో బొగ్గుతో గోడ మీద గీతలు పెట్టేది. ఆ గీతలు ప్రొఫెసర్ గారి దాకా వెళ్ళాయి. "మీ వదినగారికి నా నమస్కారాలు చెప్పు," అన్నారు ఆయన నాతో. నేను చెప్పలేదు.

మా ప్రాజెక్టుల గురించి అందరి ముందూ చెప్పాల్సిన సెమినార్ వారంలోకి వచ్చింది. దానికి రెండు రోజుల ముందు ఆదివారం. ఆ పిల్లకు ఆఖరి నమూనా ఒకటి మిగిలింది. మా వసారా ముంతలో నాలుగు పిల్లలు, ఈకలు మొలుస్తున్నవి. ఎనిమిదింటికి వచ్చి దారాలు కట్టి, ముంత మూత బిగించి కూర్చుంది. పది నిమిషాలు కాలేదు, హాస్టల్ వాచ్‌మన్ సైకిల్ మీద వచ్చి, "మీ నాయిన వచ్చిండమ్మా. పది గంటల బస్సుకే ఎల్లిపోతడట," అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ముంత వైపు, ఒక్క క్షణం వీధి వైపు చూసింది. దారాలు విప్పేస్తే సరిపోయేది. ఆఖరి నమూనా పోయేది, అంతే. బదులుగా నా వైపు తిరిగి, చిన్న కత్తెర నా చేతిలో పెట్టింది.

"తొమ్మిదింటికి దారాలు కత్తిరించు. పురుగులు సీసల ఎయ్యి, గుడ్డు సొన పెట్టు. తొమ్మిది దాటనియ్యకు," అంది.

"సరే, నేను చూస్తాను. నువ్వు వెళ్ళు," అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదు.

లోపలి నుంచి వదిన వచ్చింది. ఇంట్లోకని కాల్చిన జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకుని, చెప్పులు తొడుక్కుంది. "నేనూ వస్త బిడ్డా. మీ నాయిన పొద్దుగాల్ల ఏం తిన్నడో ఏమో. మన దిక్కు మనిషిని సూసినట్టయితది," అంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ వీధి మలుపు తిరిగారు. నాకు రొట్టె ఉంచానని గాని, ఇల్లు చూసుకోమని గాని వదిన అనలేదు. అన్నయ్య మల్కాజ్‌గిరిలో బంధువుల ఇంటికి పోయాడు. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను, చేతిలో కత్తెరతో.

నా పరీక్షలప్పుడు వదిన తెల్లవారుజామునే లేచి నాకూ రొట్టెలు చేసి పెట్టేది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ రోజు రాలేదు.

గోడ గడియారం తొమ్మిది కొట్టింది. లెక్కపెట్టాను కూడా. గోరింకలు రెండూ వస్తున్నాయి, పోతున్నాయి. నోట్లో పచ్చగా ఏదో ఉంది. మిడత. దాని బదులు గింజ ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను. ఆమె చెప్పింది తప్పని తేలేది. ఆ తర్వాత వచ్చిన ఆలోచన, ఈ నమూనా పాడైపోతే సెమినార్‌లో ఆమె లెక్క కుదరదు కదా అని. ఇంకో పావుగంట ఉంచితే పురుగులు నలిగిపోతాయి, ఏది ఏదో పోల్చుకోలేరు. పిల్లల్ని చంపాలని నేను అనుకోలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే తెలుసు. చంపాలని కాదు, పాడు కావాలని. కత్తెర కిటికీలో పెట్టి, కుంకుడుకాయలు కొట్టుకుని, తలంటుకోవడానికి వెళ్ళాను.

తల తుడుచుకుని, పెరట్లో ఆరబెట్టుకుని, చిక్కు తీసుకుని వచ్చేసరికి పదిన్నర.

ముంత మూత తీశాను. మూడు కదలడం లేదు. నాలుగోదాని నోరు తెరుచుకుని మూసుకుంటోంది, నేను చూస్తుండగానే అది కూడా ఆగిపోయింది. నాలుగింటి నోళ్ళూ నిండుగా ఉన్నాయి. ఒకదాని నోట్లోంచి మిడత కాలు బయటికి ఉంది. గొంతు దాకా కుక్కినంత తిండి. తల్లీ తండ్రీ ఎదురుగా తీగ మీద కూర్చుని, నోట్లో ఇంకా పురుగులతో అరుస్తున్నాయి. దారాలు కత్తిరించి, పొయ్యిలో పడేశాను. ఒక దారం చర్మంలోకి దిగి తొందరగా రాలేదు.

వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. నా మొహం చూసి ఆగారు.

"తొమ్మిదింటికే తీసేశాను," అన్నాను. "పిల్లలు బాగానే ఉన్నాయి. తర్వాత చూస్తే ఇలా అయ్యాయి. మొన్న వీధిలో దోమల మందు కొట్టారు కదా. మందు పడ్డ పురుగుల్ని తెచ్చి పెట్టి ఉంటాయి." పుస్తకం తెలుగులో, ఒక్క తడబాటు లేకుండా చెప్పాను. మందు పురుగులోంచి పిట్టలోకి, పిట్టలోంచి డేగలోకి పోతుందని ప్రొఫెసర్ గారు అప్పుడప్పుడే చెబుతున్న రోజులు. నమ్మదగ్గ మాటే.

ఆ పిల్ల ముంతలో చెయ్యి పెట్టింది. ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని, సంచిలోంచి బ్లేడు తీసి, వసారా గచ్చు మీదే కోసింది. కడుపు తెరిచి చూసింది. తర్వాత మెడ చుట్టూ వేలితో తడిమింది. దారం చర్మంలోకి దిగిన గుర్తు ఉంది కదా. నేను దాన్ని ఎలా మర్చిపోయానో ఇప్పటికీ తెలియదు. పిట్ట ఏం తిన్నదో కడుపు చూసి చెప్పే మనిషికి, పిట్ట మందు తిని చచ్చిందని అబద్ధం చెప్పాను.

"కడుపుల ఏం లేదు," అంది. "ఉన్నదంత గొంతులనే ఉన్నది."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తొమ్మిదింటికే తీసినవా?" అని అడిగింది ఆ పిల్ల.

"తీశాను."

రెండోసారి అడగలేదు. నాలుగింటినీ పెరట్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. వెళ్తూ ఏం తిన్నావని నన్ను అడగలేదు. ఆమె నా మీద చూపిన కోపం అదొక్కటే.

సెమినార్ మంగళవారం. ఆమె చాలా బాగా చెప్పింది. ఏ ముంతలో ఏ పురుగులు, గింజ ఎంత తక్కువ, వదిన గీతలతో సహా. మందు ఊసు ఎక్కడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే అందరూ నమ్మేవాళ్ళు, ఆమెకు పేరు కూడా వచ్చేది. ఆఖరి పట్టికలో నాలుగు పిల్లల దగ్గర అడ్డగీత ఉంది. ప్రొఫెసర్ గారి కన్ను దాని మీద పడింది.

"ఇవి ఏమయ్యాయి?"

"సచ్చిపోయినయి సార్. దారాలు టైముకు తియ్యలే."

"ఎవరు?"

ఆ పిల్ల కాగితాల మీంచి తల ఎత్తింది. హాల్లో చూసింది. చాలాసేపు చూసింది. నేను రెండో వరసలో కూర్చుని, నా నోటు పుస్తకం అట్ట మీద నా పేరు చదువుకుంటున్నాను.

"నాదే తప్పు సార్," అంది.

ఆయనకు ఒక నియమం ఉండేది. బతికి ఉన్న ప్రాణి మీద పని చేస్తూ అజాగ్రత్తగా ఉన్నవాళ్ళను తన ల్యాబ్‌లోకి రానిచ్చేవారు కాదు. ఆమెను కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. మూడో రోజు నన్ను గదికి పిలిచి సీటిచ్చారు. "నీ పనిలో గొప్పగా ఏమీ లేదమ్మా. కానీ నిర్లక్ష్యం లేదు," అన్నారు. నేను చేతులు జోడించాను.

ఆ గోరింకల పనే పూర్తి చేయమన్నారు. చేశాను. అదే నా పీహెచ్‌డీ. మొదటి పేజీలో ప్రొఫెసర్ గారికీ, అన్నయ్యకూ కృతజ్ఞతలు రాశాను. ఆమె పేరు రాయలేదు. ఆమె మల్కాజ్‌గిరిలో ఒక బడిలో సైన్సు టీచరుగా చేరిందని వదిన చెప్పింది. వదిన అక్కడికి అప్పుడప్పుడు వెళ్ళి వచ్చేది. పండ్లో పచ్చళ్ళో తీసుకెళ్ళేది. నన్ను రమ్మని ఒక్కసారీ అనలేదు.

ఇంత సాధించాక అసూయ పోవాలి కదా. పోలేదు సరికదా, ముదిరింది. నా తప్పును తన నెత్తిన వేసుకుంది, మహాతల్లి. ఎంత గొప్ప మనసు. పరిశోధన నాకు వదిలేసి, ఆ గొప్పతనం తను పట్టుకుపోయింది. ఆమె నన్ను నలుగురిలో నిలబెట్టి తిట్టి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. క్షమించేసింది. క్షమించినవాళ్ళ మీద పగ పట్టడం ఎంత కష్టమో, పట్టినవాళ్ళకే తెలుస్తుంది. ఎనిమిదేళ్ళు నేను ఆ పనిలోనే ఉన్నాను.

తర్వాత ఒక సాయంత్రం తార్నాక బస్‌స్టాపులో కనిపించింది. అప్పటికి నాకు పెళ్ళయి మల్కాజ్‌గిరి అవతల ఉంటున్నాం. ఆమె భుజానికి పిల్లల పరీక్ష కాగితాల సంచి, చేతిలో చుక్కకూర కట్ట. నన్ను చూసి, రోజూ కలిసే మనిషిలా పక్కకు వచ్చి నిలబడింది.

"ఏం తిన్నవ్?" అంది.

"పొద్దున టిఫిన్ చేశాను. ఇడ్లీ," అన్నాను. ఎనిమిదేళ్ళుగా అడగాలనుకున్నది వెంటనే అడిగేశాను, ఆపుకుంటే మళ్ళీ రాదని. "సెమినార్‌లో నా పేరు ఎందుకు చెప్పలేదు?"

ఏ సెమినారని ఆమె అడగలేదు. "సార్ ఎవరని అడిగినప్పుడు నిన్నే సూసిన గద," అంది. "సూసి జర సేపు ఆగిన. నువ్వు లేస్తవనుకున్న."

"లేవలేదు కదా. అప్పుడైనా చెప్పాల్సింది."

"నువ్వు చెప్పేది నేను చెప్తె ఏం ఫాయిదా?"

"అందుకని తప్పు నీదని అబద్ధం చెప్పావా?"

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. కూర ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అబద్ధమేం చెప్పలే. పిల్లలను నీకు అప్పజెప్పి పోయిన. గది నా తప్పే గద."

ఎనిమిదేళ్ళుగా నేను అసూయపడ్డ గొప్పతనం ఆమె దగ్గర లేనే లేదు. ఆమె నన్ను క్షమించలేదు. నన్ను కాపాడనూ లేదు. నన్ను నమ్మడం ఒక తప్పని లెక్క తేల్చుకుని, ఆ తప్పును నలుగురిలో ఒప్పుకుని, తన పని చూసుకుంది.

మల్కాజ్‌గిరి బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ వైపు జరిగి, సంచి ఒళ్ళో పెట్టుకుని, నా కోసం పక్కన చోటు ఉంచి చూసింది. నేను ఎక్కాల్సింది కూడా ఆ బస్సే. ఒక కాలు మెట్టు దాకా పోయింది.

"వస్తరా అమ్మా, రారా?" అన్నాడు కండక్టర్.

రానన్నాను.